మూడో వేలు

గురువారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి, సబేటోలో మా మనవరాలి ఇంటికి నర్సు వచ్చింది. పిల్లలున్న ఇళ్ళకు నులిపురుగుల మాత్రలు పంచుతోంది. మా మునిమనవరాలి చేత ఒక మాత్ర మింగించి, నీళ్ళు తాగించి, కాగితం మీద గుర్తు పెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పిల్ల మొహం చేదుగా పెట్టింది. "నానీ, తనీ ఘీ దేఓ" అంది మనవరాలు, నా పక్కన గూట్లో ఉన్న నెయ్యి డబ్బా చూపిస్తూ. ఈ ఇంట్లో మాట హిందీలోనే నడుస్తుంది. నేను ఆ డబ్బా మూత బిగించి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎందుకని ఆమె రెండుసార్లు అడిగింది.

మందు మింగాక మీ ఇంట్లో ఏం పెడతారు అని ఆ నర్సు అడగలేదు. ఆ మాట అడగకుండా ఒక్క గడప కూడా దాటని మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన గురించి రాస్తున్నాను. మా మనవరాలికి తెలుగు చదవడం రాదు. వచ్చినవాళ్ళు చదువుకోవచ్చు.

ఆయన పేరు నాకు తెలుసు, రాయను. లైనులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. డబ్బాల మావ అనేవాళ్ళం. లబాసా వైపు మా ఎస్టేటులో కూలీ లైను అంటే ఇరవై నాలుగు గదులు, అటు పన్నెండు, ఇటు పన్నెండు, మధ్యలో చెక్కగోడ. ఆయన గిర్మిట్, అంటే ఓడెక్కించే ముందు వేలిముద్ర వేయించుకున్న కూలీ ఒప్పందం, అయిదేళ్ళూ చెరకు నరికి, విడుదలై, ఎస్టేటు ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి కుదిరాడు. విశాఖ వైపు మనిషి. పొట్టి. సంచీ ఎప్పుడూ ఎడమ భుజానికే తగిలించుకోవడం వల్ల ఆ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళు దిగి ఉండేది. సంచీ దించినా భుజం పైకి లేచేది కాదు.

గడప ముందుకు వచ్చి రెండుసార్లు దగ్గేవాడు. మూడోసారి దగ్గగా నేను వినలేదు. లోపల్నుంచి మాట వినిపిస్తేనే ముందుకు వచ్చేవాడు. మంచం చూపిస్తే కూర్చునేవాడు కాదు. కిరసనాయిలు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. ఏ ఇంట్లో నీళ్ళిచ్చినా తాగేవాడు. ఫలానావాళ్ళ నీళ్ళు మేం తాగం అనే పట్టింపు ఓడలోనే పోయిందని అందరూ చెప్పుకునేవాళ్ళే గానీ, లైనులో అది గది గదికీ మిగిలే ఉంది. ఆయన మాత్రం ఇరవై నాలుగు గదుల నీళ్ళూ తాగాడు.

భుజం మీద తువ్వాలు ఉండేది. దాని ఒక కొసన ముడి. ముడి ఉన్న కొస తన చెమటకు. ముడి లేని కొస పిల్లల ముక్కులకు, కళ్ళకు. ఎంత ఎండలో వచ్చినా ఆ రెండో కొసతో తన మొహం తుడుచుకోవడం నేను చూడలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఏమీ అడిగేవాడు కాదు. "ఈయాల కూకోడానికొచ్చినాను" అనేవాడు. మా పక్కగది అప్పలనరసమ్మ పెద్దమ్మ నోటికి లైనంతా భయపడేది. ఆమె ఊరుకోలేదు.

"కూకున్నందుకు జీతమిస్తారేటి మావా నీకు?"

"ఇస్తారమ్మా. నిల్సుంటే ఇంకా ఎక్కువే ఇస్తారు. నా మోకాళ్ళే ఒప్పుకోవు."

కూర్చుని వెళ్ళేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. నాలుగో రోజున సంచీలోంచి చిన్న గుండ్రటి రేకు డబ్బా తీసి, మూత తెరిచి, లోపల ఏమీ లేదని బోర్లించి చూపించాడు. అప్పుడు అడిగాడు.

సముద్రం అవతలి ఒక సంఘం పంపగా ఒక డాక్టరు దొర మా ద్వీపానికి వచ్చి ఉన్నాడు. లైనులో జనం పాలిపోయి, కాళ్ళు వాచి, పనిలో కూలబడిపోవడానికి కారణం పేగుల్లో పురుగులని ఆయన అన్నాడు. పురుగు ఉందో లేదో చూడాలంటే ప్రతి మనిషీ తన మలం కొంచెం ఆ డబ్బాలో పెట్టి ఇవ్వాలి. ఈ మాట వినగానే లైను లైనంతా తలుపులు వేసుకుంది. రెండు భయాలు. మనిషి ఒంటినుంచి వచ్చినదేదైనా పరాయివాడి చేతిలో పడితే చేతబడికి పనికొస్తుందని ఒకటి. ఇంటి దగ్గర కత్తిరించిన గోరు కూడా పాతిపెట్టే మనుషులం. రెండోది ఇంకా పెద్దది. జబ్బు అని రాస్తే ఆసుపత్రిలో పడేస్తారు, అక్కడ పడుకున్న ప్రతి రోజూ గిర్మిట్ చివర కలుపుతారు. మా నాన్నకు అలా నలభై ఒక్క రోజులు కలిపారు. అవి పూర్తిచేయకముందే ఆయన పోయాడు. మా అమ్మకు అప్పటికి ఇంకా ఏడు నెలల గిర్మిట్ ఉంది. ఆ ఏడు నెలలు అయితే చాలు, ఇంకేం అక్కర్లేదు అనేది. ఆమె కూడా పాలిపోయి ఉండేది. పొయ్యి గడ్డలోంచి మట్టి గిల్లి, ఎవరూ చూడకుండా తినేది. నేను చూశాను.

"మరి ఆ దొర ఇస్తాడేటి డబ్బా?" అంది అప్పలనరసమ్మ. లైనంతా నవ్వింది. డబ్బాల మావ నవ్వలేదు. "అడుగుతాను" అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు శుక్రవారం. దొరను వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు వరుసల మధ్య నిలబెట్టి, అందరికీ వినిపించేలా హిందీలో అడిగాడు. దొర మొహం ఎర్రబడింది. ఒక నిమిషం అటూ ఇటూ చూసి, చెయ్యి చాపి డబ్బా తీసుకున్నాడు. శనివారం పొద్దున డబ్బాల మావ, దొర డబ్బా మీద ఒకటి అని అంటించి, తన డబ్బా మీద రెండు అని అంటించి, రెండూ పళ్ళెంలో పెట్టుకుని లైను ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. ఆడవాళ్ళు ముక్కులు మూసుకుని పడీపడీ నవ్వారు. మూడో నంబరు అప్పలనరసమ్మది. మా అమ్మది పదిహేడు, నాది పద్దెనిమిది, మా చెల్లిది పంతొమ్మిది.

తొమ్మిది రోజులకు ఫలితం చెప్పడానికి ఆయనే వచ్చాడు. ముందు తనది చెప్పాడు.

"నా కడుపులో ఉన్నాయి. దొర కడుపులో నేవు."

"దొరని చూసి భయపడ్డాయేమో" అంది అప్పలనరసమ్మ.

"బూట్లు తొడుగుతాడు గదమ్మా. ఆ పురుగు కాలిలోంచి ఎక్కుతాది."

తన కడుపు సంగతి ఇరవై నాలుగు గదుల ముందు చెప్పిన మనిషిని మేం అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత మా డబ్బాల ఫలితాలు ఒక్కొక్కరికి చెవిలో చెప్పాడు. మా ముగ్గురికీ ఉన్నాయి.

మందు ఆదివారం ఇస్తామన్నారు. అది ఆయన పట్టుబట్టి సాధించినది. ఆదివారం పని లేదు కాబట్టి కలపడానికి రోజు ఉండదు. శనివారం సాయంత్రం అందరినీ లైను మధ్యకు పిలిచి, కాగితం పొట్లం విప్పి మందు చూపించాడు. తెల్లటి పలుకులు. వాసన చూడమని పళ్ళెం తిప్పాడు. వాసన చూసిన ప్రతి ఆడదాని మొహమూ విచ్చుకుంది.

"ఏటో అనుకుంటున్నారు. ఇది మన వామే. వాము పువ్వు. మీ అమ్మ మీకు పెట్టినదే, దొర సీసాలో ఏసుకొచ్చినాడు. అంతే."

ఇక ఎవరికీ భయం లేకపోయింది. అప్పుడాయన కుడిచెయ్యి ఎత్తాడు. ఏ మాట చెప్పినా వేళ్ళు మడిచి చెప్పేవాడు, మా చేతా మడిపించేవాడు.

"నాతో పాటు మడవండి. నూనె ఒద్దు. సారా ఒద్దు. నెయ్యి ఒద్దు. ఎన్ని?"

"మూడు" అన్నాం అందరం. నేనూ మడిచాను. నాకు తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలు. మూడో వేలు నెయ్యి.

ఆ రాత్రి అన్నం లేదు, భేది ఉప్పు నీళ్ళు తాగించారు. ఆదివారం తెల్లవారాక మందు మొదటి విడత, ఎండ గుమ్మంలోకి వచ్చాక రెండోది. పెద్దవాళ్ళకు గొట్టం మాత్రల్లో ఇచ్చారు. పిల్లలకు తూచి పొడిచేసి ఇచ్చారు. అమ్మకు కళ్ళు తిరిగితే గోడవైపు తిరిగి పడుకుంది. చెల్లిని నాకు అప్పజెప్పింది. చెల్లికి నాలుగేళ్ళ మూడు నెలలు. మావాళ్ళు ఓడ దిగిన నలభయ్యో రోజున పుట్టింది. ఆ పొడి దాని నాలుకను, గొంతును కాల్చేసింది. "అప్పా, మంట" అంటుంది. అప్ప అంటే అక్క. మళ్ళీ అదే మాట. నీళ్ళిచ్చాను. తగ్గలేదు.

మా ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా అమ్మ నేతిలో వాము వేయించి, వేడన్నంలో కలిపి ముద్ద పెట్టేది. వాము ఉంటే పక్కన నెయ్యి ఉండాల్సిందే. అలా నేనెన్నిసార్లు తిన్నానో. రేషనులో వచ్చిన నెయ్యి చిన్న గిన్నెలో ఉంది. మూడో వేలు నాకు గుర్తుంది. మర్చిపోయానని రాయలేను. నెయ్యి వద్దంటే నెయ్యన్నం వద్దని, నాకితే అది తినడం కాదని అనుకున్నాను. చూపుడువేలితో తీసి చెల్లి నాలుకకు రాశాను. మంట తగ్గిందంది. ఇంకా కావాలంది. మళ్ళీ రాశాను. రెండుసార్లు. ఒకసారి అని రాస్తే నాకు బాగుండేది, కానీ రెండుసార్లు.

చెల్లి నిద్రపోయింది. మధ్యాహ్నం గంజి తాగించడానికి లేపితే లేవలేదు. చూరు నీడ గడప దాటే వేళకు చల్లబడిపోయింది.

డబ్బాల మావ దగ్గకుండా లోపలికి వచ్చింది ఆ ఒక్క రోజే. చెల్లి చెయ్యి పట్టుకుని చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు, రొమ్ము మీద చెవి ఆనించాడు. తర్వాత గిన్నె చూశాడు. తర్వాత నన్ను చూశాడు. బయట దొర బూట్ల చప్పుడు, ఆ వెనక ఓవర్సీరుది. ఓవర్సీరును లైనులో కులంబర్ అనేవాళ్ళం. డబ్బాల మావ నా కుడిచెయ్యి తీసుకుని, తువ్వాలు రెండో కొసతో, ముడి లేని కొసతో, నా చూపుడువేలు తుడిచాడు. గోరు చుట్టూ కూడా తుడిచాడు.

దొర గిన్నె వాసన చూశాడు. కులంబర్ మా అమ్మను చూశాడు. అతనికి కావలసింది దొరికింది. చెప్పింది వినకుండా బిడ్డను చంపుకుందని లబాసా కోర్టుకు పంపితే అమ్మకు జైలు. జైలు రోజులు కూడా గిర్మిట్ చివర కలుపుతారు. నన్ను ఎవరికి అప్పజెప్తారో తెలియదు. అమ్మ చెల్లిని ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది.

"తుమ్ ఘీ నహీ బోలా?" అన్నాడు దొర. నెయ్యి సంగతి నువ్వు చెప్పలేదా అని.

"నహీ బోలా, సాబ్. భులాయ్ గయా."

చెప్పలేదట. మర్చిపోయాడట. ఆ మాట అన్నప్పుడు ఆయన దొర కళ్ళలోకే చూశాడు.

దొర నమ్మలేదు. బయటికి వచ్చి, గుమిగూడిన ఆడవాళ్ళలో ముందున్న అప్పలనరసమ్మను అడిగాడు. ఈయన ఎన్ని చెప్పాడు? ఆమె డబ్బాల మావను చూసింది. తలుపులోంచి మా అమ్మను చూసింది. అంత నోరున్న మనిషి ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. దొర పక్కామెను అడిగాడు. ఆమె రెండు. ఆ పక్కామె రెండు. పదకొండుమంది ఆడవాళ్ళు. ఇరవై రెండు వేళ్ళు. నేను లెక్కపెట్టాను.

సోమవారం ఆయన్ని ఆసుపత్రి పనిలోంచి తీసేశారు. సంచీ లాక్కున్నారు. మంగళవారం నుంచి కత్తి పట్టుకుని మళ్ళీ చెరకులోకి దిగాడు. సంచీ లేకపోయినా ఎడమ భుజం కిందికే ఉండేది.

ఆరు వారాలకు రెండో విడత డబ్బాలు వచ్చాయి. కొత్త మనిషి తెచ్చాడు. చదువుకున్నవాడు, మాట మర్యాద గలవాడు. ఇరవై నాలుగు గదుల ముందూ డబ్బాలు పెట్టి వెళ్ళాడు. మర్నాడు ఇరవై నాలుగూ ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు వాటిలో గులకరాళ్ళు వేసి వాయించుకున్నారు. మూడో రోజున దొరే వచ్చి, తప్పుచేసిన మనిషిని పంపించేశాం కదా, ఇంకా ఏం భయం అని అడిగాడు. కొత్త మనిషి ఆ మాట మాకు చెప్పాడు.

"సెప్పు నీ దొరతో" అంది అప్పలనరసమ్మ. "మా మీదకి తప్పు నెట్టనోడు ఈ దీవిలో ఆయనొక్కడే కనబడ్డాడు. ఇంకొకడు దొరికితే ఆడికీ ఇస్తాం డబ్బా."

ఆ సాయంత్రం దొర డబ్బాల మావ గుడిసెకు వెళ్ళి, కిరసనాయిలు డబ్బా మీద కూర్చుని, ఆయన చెరకులోంచి వచ్చేదాకా కాచుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు ఆయన సంచీతో వచ్చాడు. దగ్గు రెండుసార్లే. కానీ మాట మారింది. డబ్బా తీయకముందే, మందు సంగతి ఎత్తకముందే, అడిగేవాడు. "మందు మింగాక మీ ఇంట్లో ఏటి పెడతారమ్మా? కడుపునొప్పికేటి సేస్తారు? మంటకేటి రాస్తారు?" వాళ్ళు చెప్పిందంతా వినేవాడు. ఒకామె ఉప్పు కలిపిన గంజి అనేది, ఒకామె మజ్జిగ, ఒకామె కొబ్బరిపాలు. అప్పుడు, వాటిలో వద్దన్నదాన్ని పేరు పెట్టి, ఆ జిడ్డు తగిలితే మందు పురుగును వదిలి మన రక్తంలోకి ఎక్కుతుందని చెప్పేవాడు. మూడో వేలు మడిచేటప్పుడు కొంచెం ఆగేవాడు. కొత్తవాళ్ళు మాట మర్చిపోయాడనుకునేవారు.

మా అమ్మ గిర్మిట్ ఏడు నెలలకు ముగిసింది. ఒక్క రోజు కలవలేదు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది. ఇంట్లో వాము పెట్టలేదు. చెల్లికి నెయ్యి పెట్టింది అమ్మే అని లైనంతా అనుకుంది. కాదని ఆమె ఎవరికీ చెప్పలేదు. నన్ను అడగలేదు. నేను చెప్పలేదు.

నాకు పంతొమ్మిదో ఏట, బులిలేకా ఊళ్ళో, నా పెద్దకొడుకు జ్వరంతో పడ్డాడు. అప్పటికి గిర్మిట్ లేదు, లైను లేదు. డబ్బాల మావ చేదు మందు తీసుకుని నాలుగు మైళ్ళు నడిచి వచ్చాడు. గడప ముందు రెండుసార్లు దగ్గాడు. పిల్లవాడికి మందు పోసి, ఎప్పటి మాటే అడిగాడు.

"మందు మింగాక మీ ఇంట్లో ఏటి పెడతారమ్మా?"

"ఏమీ పెట్టను మావా."

నేను నీళ్ళిచ్చాను. తాగి చెంబు కింద పెట్టాడు.

"మావా, ఆ రోజు నువ్వు మూడూ చెప్పావు" అన్నాను. పదేళ్ళు పట్టింది నాకు ఆ మాట అనడానికి.

"సెప్పినాను."

"మరి అబద్ధమెందుకాడావు?"

"అబద్ధం కాదు తల్లీ. మీరు బెదిరిపోకుండా ఉంటారని వాము అన్నాను. వామంటే నెయ్యి. అది నాకు తెల్దా? మా అమ్మ నాకూ అలాగే పెట్టింది. మందుని మీ వంటింట్లోకి ఎక్కించింది నాను. ఇక ఏలు మడిస్తే ఏటి, మడవకపోతే ఏటి?"

"పెట్టింది నేను మావా."

"నాకు తెలుసు" అన్నాడు. లేచి, పిల్లవాడి మొహం తువ్వాలు రెండో కొసతో తుడిచి, వెళ్ళిపోయాడు.

నేను లెక్కలు తేలేదాకా వదలని మనిషిని. ఇదొక్కటి తేలలేదు. ముసలితనంలో నాడీ పట్నంలో ఒక డాక్టరును, పేర్లు లేకుండా, ఎవరికో జరిగినట్టు అడిగాను. ఆ కాలపు మందు అలాంటిదనీ, ఒంట్లో రక్తం లేని నాలుగేళ్ళ పిల్లకు అది అసలే ఎక్కువనీ, రెండుసార్లు నాకిన నెయ్యి తేడా చేసిందో లేదో ఎవరూ చెప్పలేరనీ అన్నాడు. ఆయనకు తెలియనిది తెలియదన్నాడు. దానికి నమస్కారం పెట్టి వచ్చాను.

చెరకు కోతల కాలంలో, ఒక బుధవారం, డబ్బాల మావ పోయాడు. అప్పటికి ఆ పదకొండుమందిలో నలుగురం కాదు, నలుగురు మిగిలారు. నేను ఆ లెక్కలో లేను, నన్నెవరూ అడగలేదు కదా. అప్పలనరసమ్మ పెద్దమ్మను మంచం మీద మోసుకొచ్చారు. ఆయన తువ్వాలు ఆయన మీదే కప్పి ఉంది, ముడి తలవైపు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మీ యమ్మ కోసం ఏసుకున్నాడే నెత్తిన. మీ యమ్మ కోసం మేమంతా రెండు వేళ్ళు ఎత్తినాం."

కాదు పెద్దమ్మా, నా కోసం అనాలి. నోటిదాకా వచ్చింది. ఆమెకు చెవులు బాగానే వినిపించేవి. చుట్టూ పదిమంది కంటే ఎక్కువ లేరు. నేను తల ఊపాను. అదే నేను చేసింది. ఇప్పుడు ఆమె లేదు, ఆ నలుగురూ లేరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మ కాదు. నేను.

గురువారం పదకొండు గంటలకు నర్సు అదే దారిన తిరిగి వెళుతుంటే గేటు దగ్గర ఆపాను. ఈ మాత్ర మీద నెయ్యి పెట్టొచ్చా అని అడిగాను. నవ్వింది. ఏమైనా పెట్టొచ్చు నానీ, దీనికి ఏ పథ్యమూ లేదు అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది, ఈసారి నవ్వకుండా. ఇంట్లోకి వచ్చి మూత తీసి డబ్బా మనవరాలి చేతికిచ్చాను. పిల్ల వేలితో తీసుకుని నాకింది. రెండుసార్లు.

సాయంత్రం దాకా దాన్ని కనిపెట్టుకుని కూర్చున్నాను. అది ఆడింది, అన్నం తింది, పడుకుంది, లేచింది. లేచి మళ్ళీ గూట్లో చెయ్యి పెట్టి, జిడ్డు వేలితో నా దగ్గరికి వచ్చి నిలబడింది. తిడతాననుకున్నట్టుంది. ఆ వేలు పట్టుకుని, నా పమిట కొసతో తుడిచాను. గోరు చుట్టూ కూడా తుడిచాను.